పంచకంలో పేర్చిన కట్టెలు

మా ఇంట్లో కట్టెలకు కూడా మంచిరోజు చూడాలని నాకు కెనడా వచ్చాకే తెలిసింది. పెళ్ళికి చూస్తారు, గృహప్రవేశానికి చూస్తారు, కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికీ చూస్తారు. అదంతా నేనెరిగినదే. కానీ డ్రైవ్‌వేలో కుప్పపోసిన కట్టెలను తీసి ఒకదాని మీద ఒకటి పేర్చడానికి చంద్రుడి అనుమతి కావాలని మా అత్తయ్య అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆ చలికాలం దాకా కూడా నిలవలేదు.

అప్పటికి మేం వాన్ అనే ఊళ్ళో ఉన్న టౌన్‌హౌస్ అమ్మేసి, హామిల్టన్ దాటాక ఒక పల్లె రోడ్డు మీద పాత ఇల్లు కొనుక్కున్నాం. మా ఆయనకు హామిల్టన్‌లో ఒక ఆస్పత్రి ఐటీ విభాగంలో ఉద్యోగం. నా ఉద్యోగం ఇంట్లోంచే. ఆ రోడ్డుకు గ్యాస్ లైను లేదు. గదుల్లో కరెంటు హీటర్లు ఉన్నాయి గానీ పేరుకే. చలి ముదిరితే హాల్లో ఉన్న ఇనుప కట్టెల పొయ్యే ఇంటిని కాయాలి. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు దాని గాజు తలుపు వెనకాల మంట ఎర్రగా వెలుగుతోంది. అది చూసి మురిసిపోయి "ఇదే తీసేసుకుందాం" అన్నాను.

అత్తయ్య మురిసిపోలేదు. పొయ్యి అంటే ఏమిటో ఆవిడకు తెలుసు. రాజమండ్రిలో ఆవిడా మామయ్యగారూ ఏళ్ళ తరబడి టిఫిన్ హోటల్ నడిపారు. తెల్లారకుండానే లేచి సరుగుడు కట్టెలు అంటించి, ఊదుగొట్టంతో ఊది ఊది ఇడ్లీ పాత్రలు ఎక్కించిన మనిషి. మామయ్యగారు పోయాక మా దగ్గరికే వచ్చేశారు. ఆ పొగంతా ఇప్పటికీ ఆవిడ ఊపిరితిత్తుల్లోనే ఉందని ఇక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి చెప్పింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇన్‌హేలర్ ఎప్పుడూ కొంగున కట్టుకుని ఉంటారు. తలుపు బిగించిన పొయ్యి అత్తయ్యా, కట్టె ఎండినదైతే ఇంట్లోకి పొగ రాదు అని మేం నచ్చజెప్పాం. మేం చెప్పింది నిజమే, కట్టె ఎండినదైతే.

మొదటి సంవత్సరం కట్టెలు అక్టోబరులో వచ్చాయి. మా పక్క రోడ్డులో ఉండే ఒక ముసలి రైతు, చచ్చిన యాష్ చెట్లను కొట్టి, చీల్చి, అమ్ముతాడు. ట్రైలర్ ఎత్తి గలగలమని డ్రైవ్‌వేలో పోసి వెళ్ళిపోతాడు. పేర్చుకునే పని మనది. మా ఆయన చేతికి గ్లవ్స్ తొడుక్కుంటుంటే అత్తయ్య గుడివాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ తిరగేసి, వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"అబ్బాయ్, ముట్టుకోకు. ధనిష్ఠా పంచకం నడుస్తోంది."

ధనిష్ఠ సగం నుంచి రేవతి దాకా చంద్రుడు నడిచే ఐదు రోజులనూ పంచకం అంటారట. ఆ రోజుల్లో ఇంటికి కప్పు వేయకూడదు, మంచం అల్లకూడదు, దక్షిణం దిక్కుకు ప్రయాణం కట్టకూడదు, కట్టెలు పోగు చేసి పేర్చకూడదు. పేరిస్తే ఇంట్లో ఎవరి చితికో పేర్చినట్టే అవుతుందని భయం. చితి అనే మాట అత్తయ్య నోటితో అనలేదు. "పేర్చకూడదు, అంతే" అన్నారు. నాకు మా ఆయన తర్వాత విడమరిచి చెప్పాడు.

ఆయనకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అమ్మకు ఎదురు చెప్పే అలవాటు కూడా లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అటు ఆవిణ్ణి నొప్పించలేకా, ఇటు నా చూపులు తట్టుకోలేకా ఏదో లొసుగు వెతికాడు.

"అమ్మా, అక్కడికీ ఇక్కడికీ తొమ్మిదిన్నర గంటల తేడా ఉంటుంది. ఇండియా టైమ్ ప్రకారం చూస్తే..."

"చంద్రుడు ఒక్కడేగా నాన్నా" అన్నారు అత్తయ్య.

దానికి జవాబు మా ఇద్దరి ఇంజినీరింగ్ చదువుల్లోనూ దొరకలేదు. ఐదు రోజులేగా అని ఊరుకున్నాం.

రెండో రోజు సాయంత్రం పట్టుకున్న వాన పంచకం దాటేదాకా వదల్లేదు. మా డ్రైవ్‌వే వాలుగా ఉంటుంది. రోడ్డు మీద నీళ్ళన్నీ కట్టెల కుప్పలోంచి పారి గరాజు ముందు మడుగు కట్టాయి. మంచిరోజు వచ్చాక ఆ తడి కట్టెలనే గోడ వారన పేర్చి, తుఫానుకు వరికుప్ప మీద కప్పినట్టు నీలం బరకం నాలుగు వైపులా నేలదాకా దించి, తాళ్ళతో బిగించి, అంచుల మీద రాళ్ళు పెట్టాం. అంత బాగా కప్పినందుకు ఫొటో కూడా తీసుకున్నాం. తడి కట్టెకు కావలసింది గాలి అనీ, పైన మాత్రం కప్పి పక్కలు వదిలేయాలనీ మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. గోదావరి వైపు కప్పడమంటే అలాగే కప్పుతారు.

మంచు పడ్డాక విప్పి చూస్తే బెరడంతా తెల్లటి బూజు. పొయ్యిలో పెడితే కట్టె చివర్లలోంచి నీళ్ళు బుసబుసా నురగ కట్టేవి. మంట లేవదు. మాటిమాటికీ తలుపు తీసి కదపాలి. తీసినప్పుడల్లా పొగ హాల్లోకి తన్నుకొచ్చేది. ఆరబెడదామని మా ఆయన కొన్ని బేస్‌మెంట్‌లోకి మోసుకొస్తే ఆ బూజు వాసన కింద గోడలకూ పట్టుకుంది. అత్తయ్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని "నాకేం కాదులే, పొగలోనే పుట్టి పెరిగాను" అనేవారు. జనవరిలో ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చున్న మనిషికి పెదవులు నీలంగా మారాయి. అంబులెన్స్ వచ్చింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ మా ఇద్దరినీ వరండాలోకి పిలిచి, ఇంకో చలికాలం ఇలా పొగ పీలిస్తే ఈవిడ ఊపిరితిత్తులు తట్టుకోలేవు అని చెప్పింది.

నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. ఆవిడ ఊపిరి ఆవిడ పంచాంగమే తీసేస్తోందని కోపం. ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న మనిషిని ఏమీ అనలేను కాబట్టి ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడమంటే ఏమిటో ఆ రోజు నాకు పూర్తిగా అర్థమైంది.

పొయ్యి మానేసి, కరెంటుతో ఇల్లు వేడిచేసే హీట్ పంప్ పెట్టించుకుందామని అనుకున్నాం. దానికి ముందు కరెంటు ప్యానెల్ మార్చాలి, ఆ పని చేసేవాళ్ళు మరుసటి ఏడు వేసవి దాకా ఖాళీ లేరు. అంటే ఇంకో చలికాలం కట్టెలే దిక్కు. ఈసారి తప్పు జరగకూడదని వేసవిలో మా ఆయన ఇంటి పక్కన షెడ్డు కట్టాడు. పైన రేకు, మూడు పక్కలా గాలి ఆడేటట్టు సందులు వదిలిన చెక్కలు, కింద తడి తగలకుండా చెక్కబల్లల్లాంటి ప్యాలెట్లు. మిగిలిన చెక్కతో ఒక పీట చేసి, వార్నిష్ పూసి, పొయ్యి ముందు వేశాడు. అత్తయ్య దాని మీద కూర్చుని చేతులు కాచుకోవాలని ఆయన ముచ్చట.

కట్టెలు ఆగస్టులో తెస్తానన్న రైతుకు తుంటి ఆపరేషన్ అయింది. ఆయన కోలుకుని ట్రాక్టరు ఎక్కేసరికి మళ్ళీ అక్టోబరే. ఒక రోజు ఫోన్ అయినా చేయకుండా వచ్చి కుప్ప పోశాడు. మంచి కట్టెలు. ఏడాది పాటు ఆయన గోదాములో ఎండినవి. రెండు తీసుకుని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమన్నాయి. "రేపు రాత్రి నుంచి వాన, ఈలోపు లోపలికి చేర్చుకోండి" అని చెప్పి వెళ్ళాడు. నేను సంతోషంగా లోపలికి వచ్చేసరికి అత్తయ్య క్యాలెండర్ ముందు నిలబడి ఉన్నారు. ఆవిడ వీపు చూస్తేనే నాకు విషయం తెలిసిపోయింది.

"పొద్దుటే వచ్చిందమ్మా పంచకం" అన్నారు.

"రానివ్వండి. ఈసారి నేను ఆగను."

"నా కొడుకు చేత ముట్టించను."

"మీ కొడుకు ముట్టక్కర్లేదు. నేను పేరుస్తాను."

"నువ్వు మాత్రం ఎవరు? నువ్వు నాకు పరాయిదానివా?"

ఆ మాటకు నేను ఒక్క క్షణం తగ్గాల్సింది. తగ్గలేదు. "మరి మీ ఊపిరో? కట్టెలు తడిస్తే మళ్ళీ అదే పొగ. డాక్టరు ఏం చెప్పిందో మర్చిపోయారా?" అని గట్టిగా అన్నాను. మా ఆయన మధ్యలోకి వచ్చి "కుప్ప మీద బరకం కప్పుదాం" అన్నాడు. పైన కప్పితే కింద నుంచి పారే నీళ్ళను ఎవరు ఆపుతారని ఆయన మీదా విరుచుకుపడ్డాను. అత్తయ్య "నా ఊపిరి సంగతి వదిలెయ్, నేను చూడాల్సినవన్నీ చూశాను" అని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని నేను లోపలికి వినపడేలాగే అన్నాను. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

పొద్దున కాఫీ పెడుతుంటే బయట టక్కుమని కట్టె చప్పుడైంది. మా ఆయన స్నానంలో ఉన్నాడు. కిటికీలోంచి చూస్తే అత్తయ్య. చీర మీద నా పాత చలికోటు, తలకు మంకీ క్యాప్, కాళ్ళకు కొడుకు మంచు బూట్లు. షెడ్డు లోపలి మూల దగ్గర ఒంగి, రెండు చేతులతో ఒక కట్టెను ప్యాలెట్ మీద సర్దుతున్నారు. నేను చెప్పులతోనే పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి షెడ్డు గుంజ పట్టుకుని రొప్పుతున్నారు. ఇన్‌హేలర్ తీసి నోటికి అందించాను. ఊపిరి అందాక అన్నారు:

"మొదటిది నేను పెట్టాను. ఇంక మీరు పేర్చుకోండి. దోషం మొదలుపెట్టినవాళ్ళదే."

"అలా అని ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు. నేనే అనుకున్నాను."

ఆవిడ ఆ మూలకట్టె వైపే చూస్తూ, నాతో ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు.

"మీ మామయ్యగారప్పుడూ ఇంతేనమ్మా. బండెడు కట్టెలొచ్చాయి, పంచకం. ఐదు రోజులు ఆగుదామే అన్నారాయన. మబ్బు పట్టేసింది. ఇవి తడిస్తే రేపు ఇడ్లీ దేంతో ఉడికిస్తాను, మీ పంచాంగం పెట్టి ఉడికించనా అని నేనే దెప్పాను. పాపం, పేర్చారు. వారం తిరక్కుండా వెళ్ళిపోయారు. అప్పుడు ఆ మొదటి కట్టె నేను పెట్టుంటే బాగుండేది."

ముందు రోజు నేను అన్న మాటలే అవి, కాస్త అటూ ఇటుగా. మామయ్యగారికి గుండె జబ్బు ఉండేదనీ, కట్టెలు పేర్చినా పేర్చకపోయినా ఆ గుండె ఆగేదేననీ నాకు తెలుసు. ఆ సంగతి చెప్పాను కూడా. ఆవిడ తలూపారు, నేను చిన్నపిల్లనైనట్టు. తర్వాత నా చేయి పట్టుకుని లోపలికి నడిచారు.

ఆ రోజు మా ఆయనా నేనూ సెలవు పెట్టి పేర్చాం. అమ్మ చేసిన పని విని ఆయన మధ్యాహ్నం దాకా వంచిన తల ఎత్తకుండా మోశాడు. బెరడు పైకి వచ్చేలా, కట్టెకూ కట్టెకూ మధ్య గాలి ఆడేలా, వరుస వరుసకూ చివర్లలో అడ్డంగా కట్టెలు పెట్టి ఒబ్బిడిగా కట్టాం. చివరి కట్టెలు లోపలికి చేరేసరికి మొదటి చినుకు పడింది. నేను గెలిచాను. గెలిచినందుకు ఇసుమంతైనా సంతోషం లేదు. రాత్రంతా రేకు మీద వాన పడుతుంటే ఆ మూలన అడుగున ఉన్న కట్టె గురించే ఆలోచించాను.

ఆ చలికాలం పొయ్యి బ్రహ్మాండంగా మండింది. అగ్గిపుల్ల గీస్తే చాలు అందుకునేది. గాజు మీద మసి పట్టలేదు, హాల్లోకి పొగ రాలేదు. అత్తయ్య పీట మీద కూర్చుని అరచేతులు కాచుకుంటూ "ఇది మన తుమ్మకట్టె లాగా నిప్పు నిలుపుతుందే" అని మెచ్చుకునేవారు. దగ్గు తగ్గింది. చెకప్‌కు తీసుకెళ్తే డాక్టరమ్మ బాగుందంది. అంతా నేను కోరుకున్నట్టే జరిగింది.

కానీ ఆవిడ పద్ధతే నాకు నచ్చలేదు. వెళ్ళాల్సిన ఊరికి టికెట్ కొనేసుకున్న మనిషిలా తేలిగ్గా తిరిగేవారు. ఒక రోజు చీరలన్నీ మంచం మీద పరిచి ఇది నీకు, ఇది మీ చెల్లికి అని విడదీశారు. గోంగూర పచ్చడి పాళ్ళు ఎప్పుడడిగినా "చెయ్యే చెప్తుంది" అనే మనిషి, నన్ను పక్కన నిలబెట్టుకుని చెంచాలతో కొలిచి చూపించారు. "ఇప్పుడెందుకు అత్తయ్యా ఇవన్నీ?" అంటే "ఎప్పుడైనా తెలియాలిగా" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. కసిరేదాన్ని. కసిరి, వంటింట్లోకెళ్ళి ఏడ్చేదాన్ని. ఆవిడ ఒకసారి దగ్గితే నేను చేస్తున్న ఆఫీసు కాల్ మ్యూట్ చేసి చెవులు రిక్కించి వినేదాన్ని. పంచకాలనూ దోషాలనూ నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు. కానీ కట్టెలు తేవడానికి వెళ్ళినప్పుడల్లా ఆ మూల వదిలేసి అవతలి వైపు నుంచి తీసేదాన్ని. మా ఆయన చేయి అటు వెళ్తే "అవి ఇంకా ఆరలేదు" అని ఆపేదాన్ని. ఆయనా ఎందుకని అడిగేవాడు కాదు.

మార్చి చివరికి షెడ్డు దాదాపు ఖాళీ అయింది. ఇంక చలి అయిపోయిందనుకున్న వారంలో మంచువాన కురిసి చెట్ల కొమ్మలకూ తీగలకూ అద్దంలా పేరుకుంది. పొద్దునకల్లా కరెంటు పోయింది. మా ఆయన ఆస్పత్రికి వెళ్ళినవాడు రోడ్లు మూసేయడంతో అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో నేనూ అత్తయ్యా. మధ్యాహ్నానికి పొయ్యిలో నిప్పులు సన్నగిల్లాయి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ అత్తయ్యకు కప్పినా చేతులు చల్లగానే ఉన్నాయి. నేను షెడ్డుకు వెళ్ళాను. ప్యాలెట్ల మీద బెరడు పొట్టు, మూలన ఆ ఒక్క కట్టె. బాగా లావుది, దుంగలో సగం. ఆవిడ ఆ ఆయాసంతో అంత బరువుదాన్ని ఎందుకు ఎంచుకున్నారో!

దాని ముందు నిలబడ్డాను. ముట్టుకోలేకపోయాను. వెనక్కి వచ్చి, వంటింటి తలుపు అవతల ఆ పీటను చిన్న గొడ్డలితో పగలగొట్టి, ముక్కలు తెచ్చి పొయ్యిలో వేశాను.

వార్నిష్ ముందు అంటుకుంది. గుప్పుమని నల్లటి పొగతో మంట లేచింది. ముక్కలు కదపడానికి తలుపు తీశాను, అంతే, ఘాటు పొగ హాలంతా కమ్మేసింది. అత్తయ్యకు దగ్గు తెర వచ్చింది. ఆగదు. ఒకచేత్తో ఇన్‌హేలర్ పట్టుకుని, ఇంకోచేత్తో కిటికీ తోశాను. అది మంచుకు బిగుసుకుపోయి కదల్లేదు. భుజంతో తోస్తే తెరుచుకుంది. ఎముకలు కొరికే గాలి లోపలికి వచ్చింది. ఆవిడ పెదవుల రంగు చూస్తూ మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఏడాదిపాటు ఏ పొగ వద్దని ఆవిడతో యుద్ధం చేశానో ఆ పొగ నా చేతులతోనే పెట్టాను.

ఊపిరి నెమ్మదించాక ఆవిడ పొయ్యి వైపు చూశారు.

"అది యాష్ కాదు. ఏం కాల్చావే?"

"పీట."

"కట్టెలు అయిపోయాయా?"

నేను తల దించుకున్నాను. ఆవిడ నా ముఖం చూశారు.

"మూలది దాచావా?"

"మీరు పోతారేమోనని భయంగా ఉంది అత్తయ్యా" అన్నాను. అంత పెద్దగా ఏడవడం నాకు పెళ్ళయ్యాక అదే మొదలు.

ఆవిడ నా తల మీద చేయి వేశారు. చల్లటి చేయి. "పిచ్చిమొహమా, చలికి పోయేలా ఉన్నాను గానీ... వెళ్ళి తీసుకురా" అన్నారు.

తెచ్చాను. గొడ్డలితో రెండుగా చీల్చబోతే "అలాగే పెట్టెయ్" అన్నారు. నిప్పులు దగ్గరికి లాగి, దాన్ని పడుకోబెట్టి, తలుపు బిగించాను. కాసేపు బెరడు చిటపటలాడింది. తర్వాత మంట దాని చుట్టూ అల్లుకుంది. పొగ రాలేదు. కిటికీ మూసి, ఆవిడ పక్కన అదే దుప్పట్లో కూర్చున్నాను. ఆవిడ నా భుజానికి ఆనుకుని నిద్రపోయారు. నేను కదల్లేదు. కరెంటు వచ్చి ఫ్రిజ్ మోత మొదలైనా లేవలేదు. కట్టె నిప్పైంది, నిప్పు బూడిదైంది. నేను ఆ బూడిద వైపు ఒకసారీ, దుప్పటి లేచి పడటం వైపు ఒకసారీ చూస్తూ కూర్చున్నాను. అత్తయ్య ఊపిరి తీస్తూనే ఉన్నారు.